ఎనిమిదో తరగతి సంపాదకవర్గం

బడుల వెబ్‌సైట్లు వెతికి చూడటం నాకు అలవాటు. చాలావాటిలో పైన యాజమాన్యం సందేశం, దాని కింద ప్రిన్సిపాల్ సందేశం, ఆ కింద ఎప్పటిదో జెండా వందనం ఫోటో. ఫోటోల్లో పిల్లలు వరసగా నిలబడి ఉంటారు, వాళ్ల మాట మాత్రం ఎక్కడా వినపడదు. కంప్యూటర్ తెలిసిన మాస్టారు ఒకరు ఇష్టంగా మొదలుపెడతారు. ఆయనకు బదిలీ అవుతుంది. తరవాత దాన్ని ముట్టుకునేవాళ్లుండరు.

మా ఉన్నత పాఠశాలలో ఈ పనిని పిల్లలకు అప్పగించాం. అప్పగించడం అంటే మేం రాసిచ్చింది వాళ్లచేత టైపు చేయించడం కాదు. ఏది పెట్టాలి, ఏది ఆపాలి, పెట్టినదాంట్లో తప్పుంటే ఎలా దిద్దాలి అని తేల్చేది వాళ్లే. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు శనివారం ఆఖరి పీరియడ్‌లో కంప్యూటర్ ల్యాబ్‌లో కూర్చుంటారు. ఆ వారం వచ్చిన రాతల్ని ఒకరు పైకి చదువుతారు, మిగతావాళ్లు అడగాల్సినవి అడుగుతారు. మాస్టార్లం వెనక బెంచీలో ఉంటాం.

ఒక వాన కబురు చెబుతాను. మా పిల్లలు రోజూ ఊళ్లో పడిన వాన ఎంతో రాస్తారు. పక్కలు నిటారుగా ఉండే ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, దాన్నే గరాటులా తలకిందులుగా దించి, అడుగున గులకరాళ్లు వేసి, అవి మునిగేదాకా నీళ్లు పోసి అక్కడ సున్నా గీత పెట్టారు. వాతావరణ శాఖ ఉదయం 8.30కి కొలుస్తుంది కాబట్టి వీళ్లూ ఆ వేళకే కొలుస్తారు. బడికి దగ్గరగా ఇల్లున్నవాళ్లు వంతులేసుకున్నారు. ఒక జులై ఉదయం 41 మిల్లీమీటర్లు తేలింది. ఆ రోజు వంతు ఉన్న అమ్మాయి ‘నిన్న మన ఊళ్లో భారీ వర్షం’ అని రాసింది. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒప్పుకోలేదు. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు పడితేనే వాతావరణ శాఖ లెక్కలో భారీ, 15.6 నుంచి 64.4 దాకా మోస్తరే అన్నాడు. ఆ పిల్ల ఊరుకుంటుందా? “మా పక్కింటోళ్ల గోడ కూలిందన్నా. గోడ కూలంగ మోస్తరు ఎట్లయితది?” అంది.

నేను కల్పించుకోలేదు. చాలాసేపు వాదించుకున్నాక వాళ్లే తేల్చుకున్నారు: కొలతను కొలతగా చెప్పాలి, జరిగినదాన్ని జరిగినట్టు రాయాలి. ‘నిన్న 41 మి.మీ. వాన పడింది. వాతావరణ శాఖ లెక్కలో ఇది మోస్తరు వర్షం. నానిన మట్టిగోడ ఒకటి కూలింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు’ అని మార్చారు. కూలిన గోడ ఫోటో తెచ్చిన కుర్రాణ్ని, ఆ ఇంటివాళ్లను అడిగావా అని ఇంకో అమ్మాయి నిలదీసింది. వెళ్లి అడిగొచ్చాడు. వాళ్లు వద్దన్నారు. ఫోటో పెట్టలేదు. వ్యాసరచన పోటీలో ఈ చదువు దొరకదు. అక్కడ చదివేది ఒక్క మాస్టారే, మార్కు వేశాక ఆ కాగితంతో ఎవరికీ పనిలేదు. ఇక్కడ చదివేది పక్కింటివాళ్లు. తప్పు రాస్తే సాయంత్రానికల్లా గుమ్మంలోకొచ్చి అడుగుతారు.

పిల్లలే రాసి, పిల్లలే దిద్దే ఈ ఆలోచన కొత్తది కాదు. ఫ్రాన్స్ దక్షిణాన బార్-స్యుర్-లూ అనే పల్లెలో సెలెస్తాన్ ఫ్రెనే అనే బడిపంతులు ఉండేవాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఊపిరితిత్తులకు గాయమై, ఎక్కువసేపు గొంతెత్తి పాఠం చెప్పలేకపోయేవాడు. 1920లలో ఆయన తరగతిలోకి చిన్న అచ్చుయంత్రం తెచ్చి పెట్టాడు. పిల్లలు తమకు తోచింది రాసి చదివి వినిపించేవాళ్లు. ఏది అచ్చుకెక్కాలో తరగతి ఓటేసి తేల్చేది. అందరూ కలిసి దిద్ది, సీసపు అక్షరాలు ఒక్కొక్కటే పేర్చేవాళ్లు. అచ్చయిన కాగితాలు దేశానికి ఆ కొసన బ్రిటనీలో ఉన్న మరో బడికి పోస్టులో వెళ్లేవి, అక్కడి పిల్లల రాతలు ఇక్కడికొచ్చేవి. మన చేతిలో ఇప్పుడు అచ్చుయంత్రం బదులు వెబ్‌సైట్ ఉంది. ఓటేసి, కలిసి దిద్దే భాగాన్ని మాత్రం వదిలేశాం.

ఫ్రెనేకు దీనివల్ల కష్టాలూ వచ్చాయి. 1932 నాటికి ఆయన సాన్-పోల్ అనే ఊళ్లో పనిచేస్తున్నాడు. ఒక పిల్లవాడు తనకొచ్చిన కల రాశాడు. ఆ కలలో పిల్లలు ఊరి మేయర్ మీద తిరగబడతారు, ఆ పిల్లవాడు మేయర్‌ను చంపేస్తాడు. ఆ అచ్చు కాగితాన్ని పట్టుకుని గిట్టనివాళ్లు ఊళ్లో గోడలకు పోస్టర్లు అంటించారు. గొడవ పెరిగి పెద్దదై ఆయన ఆ బడి విడిచిపెట్టాల్సి వచ్చింది. 1935లో వాన్స్‌లో సొంత బడి తెరిచాడు. పిల్లల రాత నలుగురిలోకీ వెళ్లాక దాని బరువు మోయడానికి పక్కన పెద్దవాళ్లుండాలి. బడి పేజీకి మాస్టారు అవసరం అని నేననేది అందుకే.

మా దగ్గరా అలాంటి రాత ఒకటి వచ్చింది. ఆడపిల్లల మరుగుదొడ్లలో నల్లా రావడం లేదని తొమ్మిదో తరగతి అమ్మాయిలు రాశారు. పెట్టకండి అన్నవాళ్లున్నారు. పిల్లలు కొట్టిపారేయలేదు, అలాగని ఉన్నపళంగా పెట్టేయనూ లేదు. నీళ్లు ఏ రోజు నుంచి రావడం లేదో తేదీ రాయించారు. ఇద్దరు హెచ్ఎం గారి గదికి వెళ్లి అడిగారు. మోటారు కాలింది, బాగుచేయడానికిచ్చాం అన్నారాయన. ఆ మాటా కలిపి పెట్టారు. మోటారు వచ్చి నీళ్లు పడ్డాక ఆ తేదీ కూడా అదే పేజీలో చేర్చారు. ఫిర్యాదు రాయడం అందరికీ వస్తుంది. అది తీరాక తీరిందని రాయడం పెద్ద పత్రికలే మరిచిపోతుంటాయి.

బడి పేజీ రాసే ఈ చిన్న పనికి రాష్ట్రమంతటా దారి వేసింది కేరళ. అక్కడి ప్రభుత్వ ఐటీ ఎట్ స్కూల్ ప్రాజెక్టు 2009లో స్కూల్ వికీ మొదలుపెట్టింది. వికీపీడియా నడిచే మీడియావికీ సాఫ్ట్‌వేర్ మీదే అదీ నడుస్తుంది. బడి చరిత్రతోపాటు ‘మా ఊరు’ అన్న శీర్షిక కింద ఊరి సంగతులూ అందులో రాస్తారు. 2018లో హైస్కూళ్లలో లిటిల్ కైట్స్ అనే పిల్లల ఐటీ క్లబ్బులు వచ్చాక పిల్లలకు ఈ పనుల్లో శిక్షణ కూడా దొరికింది. 2020లో లాక్‌డౌన్‌లో బడులు మూతపడినప్పుడు ‘అక్షరవృక్షం’ పేరుతో స్కూల్ వికీకి పిల్లల కథలు, కవితలు, వ్యాసాలు అడిగితే 50 వేలకు పైగా వచ్చాయి. వికీ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ప్రతి పేజీకీ ఉండే చరిత్ర. ఎవరు ఎప్పుడు ఏ ముక్క మార్చారో అందరికీ కనిపిస్తుంది. అందుకే మా బడిలోనూ అందరికీ కలిపి ఒకే పాస్‌వర్డ్ ఇవ్వలేదు. రాసేవాళ్లకు ఎవరి లాగిన్ వాళ్లదే. ఒకరు రాసింది ఇంకొకరు చూడనిదే పైకెక్కదు.

ఫోటోల విషయంలో మాత్రం నేను గట్టిగా ఉంటాను. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. చట్టం లేకపోయినా నా మాట ఇదే: పిల్ల మొహం పక్కన పూర్తి పేరు, తరగతి, ఊరు పెట్టే అవసరం బడికి లేదు. మేం చేతుల్ని ఫోటో తీస్తాం. విత్తనం నాటే చేతులు, కొలబద్ద పట్టుకున్న చేతులు.

ప్రతి ఫోటోకూ వెనకాల ఒక వివరణ రాయాలన్న నియమం పిల్లలదే. చూపులేనివారికి స్క్రీన్‌రీడర్ దాన్ని చదివి వినిపిస్తుందని తెలిశాక వాళ్లు పెట్టుకున్నారు. మొదట్లో ‘సైన్స్ ఫెయిర్’ అని రెండు ముక్కలు రాసేవాళ్లు. ఇప్పుడు ‘బల్ల మీద మూడు గాజు గ్లాసులు, మధ్య గ్లాసులో నీళ్లు నీలంగా ఉన్నాయి’ అని రాస్తున్నారు. తెలుగు వాచకంలో వర్ణన పాఠానికి ఇంతకన్నా మంచి అభ్యాసం నాకు తెలియదు. నోటీసుల్ని బొమ్మలుగా పెట్టడం కూడా మానేశారు. బొమ్మలో ఉన్న తెలుగును వెతికితే దొరకదు, స్క్రీన్‌రీడర్ చదవలేదు. ఆఫీసులో పాత ఫాంటులో కొట్టిన నోటీసును అతికిస్తే పిచ్చిగీతలవుతుంది. అందుకని యూనికోడ్‌లో మళ్లీ టైపు చేస్తారు, దాంతో ఒత్తులూ దీర్ఘాలూ కుదురుకుంటున్నాయి.

ఏటా పదో తరగతికి వెళ్లేవాళ్లు చదువు ఒత్తిడిలో పడిపోతారు. అందుకని ఫిబ్రవరి నుంచే ఏడో తరగతి పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఈ ఏడాది వాళ్లకు ముందుగా నేర్పింది తప్పు దిద్దడం. దిద్దినచోట ఎందుకు దిద్దారో ఒక వాక్యం రాయాలి.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. టైంటేబుల్‌లో చోటు కావాలి, అంతే. నో బ్యాగ్ డే పేరిట రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ శనివారాలు ఇచ్చారు కదా. అందులో ఒక పీరియడ్‌ను ఈ పిల్లల సమావేశానికి రాసి ఇవ్వమని ప్రధానోపాధ్యాయులను అడుగుతున్నాను. సైన్స్ సిలబస్ మిగిలిపోయిందని మధ్యలో లాక్కోకుండా, ఏడాది పొడవునా.