బ్రతికిన కాలేజీ: జంతుశాలలపై కొన్ని రుచింపని మాటలు

జంతుశాలలను గూర్చి మన పెద్దలు రెండు పక్షములుగా చీలియున్నారు. నోరులేని జీవిని బోనులో బంధించుట పాపము, కనుక వానిని మూసివేయవలయునని యొక పక్షము. పిల్లలకు వినోదము, విజ్ఞానము లభించుచుండగా తప్పేమియని వేఱొక పక్షము. ఈ రెంటిలో దేనిని పలికినను సభలో చప్పట్లకు లోటుండదు. మేము చెప్పబోవు మాటలకు మాత్రము ఏ పక్షమునుండియు చప్పట్లు రావని ముందే యెఱుగుదుము. మేము మెట్రిక్ వఱకే చదివి, ముప్పది యేండ్లకు పైగా గుమాస్తాగా కాగితములు వ్రాసి విశ్రాంతి గొన్నవారము. ప్రాణిశాస్త్రమున మాకు పట్టము లేదు. అయినను ఈ సంచికకు సాంస్కృతిక వ్యాసమొకటి వ్రాయుడని సంఘమువారు కోరినపుడు మాకొకటి తోచినది. ఆలయములను, కావ్యములను, నాటకములను విమర్శించువారు పలువురు కలరు. ఏటేట లక్షలాది జనులు టిక్కెట్టు కొని చూచుచున్న జంతుశాలను ఒక ప్రదర్శనగా నెంచి గుణదోషములు చెప్పువారు అరుదు. ఆ లోటును మా చేతనైనంత పూరింపగోరెదము.

మా యూరు వెంకటమ్మనహళ్లి, కర్ణాటకములో తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోనిది. పటములో చూచినచో మా తాలూకా చుట్టును చాలవఱకు ఆంధ్రదేశపు సరిహద్దే కానవచ్చును. ఇంటిలో తెలుగు, కచేరీలో కన్నడము మాకు వాడుక. రాతిగుట్టలు, వేరుసెనగ చేలు, వానకై యెదురుచూపులు, ఇదియే మా సీమ. మా తాలూకా గుట్టలలో ఎలుగుబంట్లు కలవు. సీతాఫలములు పండు కాలమున అవి రాత్రివేళ దిగివచ్చును; చెదపుట్టలు త్రవ్వి తినును; చేలలోనికిని వచ్చును. పట్టణవాసులకు ఎలుగనిన బొమ్మల పుస్తకములోని ముచ్చట. మావారికి అది తెల్లవాఱకమున్ను చేనికి పోవునపుడు గుండెలో మెదలు భయము. ఎలుగు చేత చిక్కి ముఖము చెడిన మనిషిని కన్నులార చూచినవారికి దానిపై దయ చూపుడని చెప్పుట సులభము కాదు.

చాలయేండ్ల క్రిందట మేము ఊరివారితో కలిసి మైసూరు యాత్రకు పోయితిమి. చాముండి కొండ, రాజభవనము చూచిన తరువాత జంతుశాలకు వెళ్లితిమి. అది చామరాజ ఒడెయరు ప్రభువు 1892లో నెలకొల్పినది. దేశములోని పాత జంతుశాలలలో నొకటి. మా గుంపులో జీవితమంతయు చేని కావలి కాచిన ముసలమ్మ యొకతె యుండెను. ఏనుగు, జిరాఫీ, సింహము, దేనియొద్దను ఆమె నిలువలేదు. ఎలుగుబంటి యావరణము చెంత మాత్రము కదలక నిలిచినది. అది వెల్లకిల పరుండి తన పాదములతో ఆడుకొనుచుండెను. ఆమె చాలసేపు చూచి, "ఇదేనా నాయనా మా చేనికొచ్చేది? దీని అరికాళ్లు మనిషివి మాదిరే ఉండాయే!" అనినది. మఱికొంతసేపటికి చుట్టును కలయజూచి, "అది సరే, దీనికి గుట్ట యాడుంది?" అని యడిగినది.

జంతుశాలలను గూర్చి మేము తరువాత చదివిన వ్యాసములన్నిటికంటె ఈ రెండు మాటలే మాకు విలువగలవిగా తోచినవి. మొదటి మాట జంతుశాల యుండదగుననుటకు కారణము. రెండవ మాట అది ఎట్లుండవలయుననుటకు ప్రమాణము.

మొదటి మాటను విచారింతము. అడవి మృగమును దాని యడవిలోనే చూడవలయునని చెప్పువారు సాధారణముగా జీపులో కూర్చుండి, వేల రూపాయలు చెల్లించి, చేత దుర్భిణి పట్టుకొని చూచువారు. అడవి యంచున బ్రతుకువానికి మృగము కనబడుట వినోదము కాదు, ఆపద. అతడు దానిని చూచినపుడు పరుగెత్తును గాని పరికింపడు. భయములేక, తొందరలేక, పోల్చుకొని చూచు అవకాశము ఆ ముసలమ్మకు జంతుశాలలోనే మొదటిసారి దొరకినది. ఆ దినమునుండి ఆమెకు ఎలుగుపై ప్రేమ పుట్టినదని మేము చెప్పము. కాని దాని పాదము తన పాదము వంటిదని తెలిసినది. అంత మాత్రము తెలియుట చిన్న విషయము కాదు. పేదవాని టిక్కెట్టుతో నడచు ఈ పాఠశాలను మూయుమనుట ధనికుల దయగా మాకు తోచుచున్నది. ఇది మా మొదటి రుచింపని మాట.

మూసివేసినచో అందలి జీవులు ఎచటికి పోవలయునన్న ప్రశ్నయు కలదు. ఎలుగులు, కోతులు, పులులు, చిఱుతలు, సింహములతో ఆటలాడింపరాదని కేంద్ర ప్రభుత్వము 1998లో ఉత్తరువు చేసినది. సర్వోన్నత న్యాయస్థానము 2001లో దానిని స్థిరపఱచినది. అప్పుడు సర్కసులనుండి విడిపింపబడిన సింహములను, పులులను బన్నేరుఘట్ట, తిరుపతి, విశాఖపట్టణములలోని సంరక్షణ కేంద్రములకు చేర్చిరి. ముక్కు కుట్టి, పండ్లు ఊడగొట్టి ఆడించిన ఎలుగులకును బన్నేరుఘట్టలో చోటు దొరకినది. పండ్లు లేని ఎలుగు మరల గుట్టకు పోయి బ్రతుకలేదు. మనము చేసిన తప్పునకు అది జీవితాంతము తినవలసిన జీతమును మనమే యియ్యవలయును.

హైదరాబాదులోని నెహ్రూ జంతుశాల మఱియొక సాక్ష్యము. 1963లో తెఱచిన ఆ శాలలో, సీ.సీ.ఎం.బీ. పరిశోధకుల తోడ్పాటుతో 2010లో మూషిక జింకల పెంపకము మొదలిడిరి. కుందేలంతటి ఈ జింకలు వృద్ధి చెందగా 2017లో కొన్నిటిని నల్లమలలోని అమ్రాబాదు అడవిలో విడిచిరి. అరేబియా దేశపు ఓరిక్సు జింక కథయు నిట్టిదే. 1972 నాటికి ఎడారిలో అది లేకుండబోయెను. బంధములో పెంచిన వాని సంతతిని 1982లో ఒమాను దేశమున తిరిగి విడిచిరి. పెట్టిన బోనే ప్రాణము నిలిపినదన్నమాట.

ఇంతవఱకు చదివి జంతుశాలల పక్షమువారు సంతోషించియుందురు. ఇక రెండవ మాటను విచారింతము.

పూర్వము మదరాసునకు పోయిన పల్లెవారు అచటి మ్యూజియమును "చచ్చిన కాలేజీ" యనియు, జంతుశాలను "బ్రతికిన కాలేజీ" యనియు పిలిచెడివారు. మ్యూజియము అధికారిగా నుండిన ఎడ్వర్డు బాల్ఫరు 1855లో ఆ జంతుశాలకు బీజము వేసెను. 1985లో అది వండలూరునకు మారినది. చదువురాని వారు పెట్టిన ఆ పేరులో గొప్ప విమర్శ యిమిడియున్నది. కాలేజీ యనిన పాఠము చెప్పవలయును. మన జంతుశాలలు ఏమి పాఠము చెప్పుచున్నవి? పలకపై పేరు, బరువు, ఆయుర్దాయము, తినునది, ఇంతే. పావగడనుండి వచ్చిన బాలునికి "ఈ ఎలుగు మీ గుట్టలలోను కలదు, ఇది మనిషిమీద పడుట ఎక్కువగా భయము చేతనే, చీకటిలో పోవునపుడు చప్పుడు చేయుచు పొమ్ము" అని చెప్పు పలక యుండవలదా? ఆఫ్రికా జిరాఫీ మెడ పొడవు కంఠస్థము చేసి, తన చేనికి వచ్చు జంతువును గూర్చి ఏమియు తెలియక ఇల్లు చేరువాడు ఏ కాలేజీలో చదివినట్లు?

ఇంతకంటె పెద్ద దోషము తెల్లపులి. ఏ జంతుశాలలోనైనను జనులు గుమికూడునది దానియొద్దనే. తెల్లపులి వేఱు జాతి కాదు; రంగు మాఱిన సాధారణపు పులియే. 1951లో రీవా సంస్థానపు అడవిలో పట్టువడిన మోహను అను పిల్లనుండి నేటి తెల్లపులులలో దాదాపు అన్నియు పుట్టినవి. మోహనును దాని కూతురైన రాధతోనే జతగూర్చగా 1958లో తెల్లపిల్లలు కలిగెను. అటుపిమ్మటను దగ్గఱ రక్తసంబంధమునందే వానిని పెంచిరి. అందుచేత వైకల్యములు పెరిగినవి. మెల్లకన్ను ఆ రంగుతోనే వచ్చు దోషము. అడవికి పంపుటకు పనికిరాని జంతువును, కేవలము టిక్కెట్ల కొఱకు పుట్టించుట విజ్ఞానము కాదు, జాతర. ఉన్నవానిని ప్రేమతో సాకి, క్రొత్తవానిని పుట్టింపక మానుట మంచిదని మా యభిప్రాయము. పిల్లలు నిరాశపడుదురందురా? నిజము చెప్పిన పిల్లలు పెద్దలకంటె త్వరగా గ్రహింతురు. ఇది మా రెండవ రుచింపని మాట.

మూడవది మత్స్యశాలలను గూర్చి. బోనులోని పులికై కన్నీరు పెట్టువారు కూడ గాజుపెట్టెలోని చేపను చూచి "ఎంత అందము!" అందురు. చేప యరవదు; బోను కమ్మీలను పట్టుకొని మనవైపు చూడదు; కాబట్టి దాని కష్టము మనకు వినబడదు. విశాఖ సముద్రతీరమున మత్స్యదర్శిని కలదు. బెంగుళూరు కబ్బన్ పార్కులో 1983లో తెఱచిన మత్స్యశాల కలదు. మేము వీనిని దూషింపము. కాని అచట చూచి ముచ్చటపడి, ఇంటికి వచ్చి, గుండ్రని గాజుకుండలో రెండు చేపలను వేసి మేజాపై పెట్టుకొను అలవాటును మాత్రము దూషింతుము. మంచినీటి రంగుచేపలు చాలవఱకు పెంపకపు చెఱువులలో పుట్టినవి. అలంకారమునకు అమ్ము సముద్రపు చేపలు చాలవఱకు సముద్రమునుండి నేరుగా పట్టి తెచ్చినవి. దారిలో చచ్చినవాని లెక్క అంగడిలో ఎవరును చెప్పరు. డాల్ఫినులతో ఆటలాడించు శాలలు కూడదని భారత ప్రభుత్వము 2013లో నిషేధించినపుడు దేశమంతయు మెచ్చుకొన్నది. డాల్ఫినునకు బుద్ధి కలదని మెచ్చిరి. బుద్ధి తక్కువైనవానికి చోటును తక్కువ యియ్యవచ్చునా? చేపలు తినువారము మీరీ మాట చెప్పదగునా యని యడుగుదురేమో. ఆకలికై చంపుట వేఱు, అలంకారమునకై యేండ్లతరబడి కుండలో త్రిప్పుట వేఱు.

"దీనికి గుట్ట యాడుంది?" అన్న ప్రశ్నకు అసలైన జవాబు జంతుశాలలో లేదు. కడప జిల్లాలోని కలివికోడిని చూడుడు. 1900 తరువాత కనబడక నశించినదని తలచిన ఈ పక్షి 1986లో మరల దొరకినది. పట్టువడిన ఆ పక్షి కొలది దినములలోనే చనిపోయినది. ముండ్లపొదల బీడు లేక ఆ పక్షికి బ్రతుకు లేదు. ఎంత మంచి బోనును దానికి బీడు కాలేదు. మా పొరుగునే మధుగిరి తాలూకా మైదనహళ్లియొద్ద జయమంగళి కృష్ణజింకల సంరక్షిత ప్రదేశము కలదు. 798 ఎకరముల ఆ గడ్డిబయలును 2007లో సంరక్షిత ప్రదేశముగా ప్రకటించిరి. అచట బోను లేదు, కమ్మీలు లేవు. జింకలు తమ యిష్టమునకు గంతులిడుచుండును. మా పావగడ తాలూకాలోనే సూర్యకాంతితో విద్యుత్తు తీయు కేంద్రమునకు సుమారు 13,000 ఎకరములు పట్టినవి. దానిని మేము తప్పుపట్టుట లేదు. వానలు లేని రైతునకు కౌలు డబ్బు అన్నము పెట్టుచున్నది. కాని రెండు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి చూచుట గుమాస్తాకు అలవాటు. బోనులోని జింకకై కన్నీరు పెట్టు మనము, బయలులోని జింకకు ఎన్ని యెకరములు మిగిల్చితిమో లెక్క చూచుకొనవలదా?

చివరగా మా తప్పును దాచము. మా యింట ఒక రామచిలుక పదునొకండేండ్లు పంజరములో నుండెను. దానికి జామపండ్లు పెట్టితిమి, మాటలు నేర్పితిమి, ఆ పంజరమును ప్రేమయని పిలిచితిమి. మన దేశపు చిలుకను ఇంట బంధించుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము. ప్రభుత్వపు ఉత్తరువులకు నకళ్లు వ్రాసి జీతము తిన్న మాకు ఆ సంగతి తెలియక కాదు. మైసూరునుండి తిరిగివచ్చిన రాత్రి ముసలమ్మ మాట జ్ఞప్తికి వచ్చి పంజరము తలుపు తీసితిమి. చిలుక బయటికి రాలేదు. ఎగురుట మఱచినదో, బయటను నమ్మలేదో. తరువాత రెండేండ్లకు అది పంజరములోనే చనిపోయినది. జంతుశాలలను లెక్కలడుగుటకు 1992లో ఏర్పడిన కేంద్ర జంతుశాలల ప్రాధికార సంస్థ కలదు. మా వసారాను లెక్కలడిగినవారు లేరు.

కాబట్టి చదువరులకు మా విన్నపము. పిల్లలను జంతుశాలకు తప్పక తీసికొనిపొండు. తెల్లపులియొద్ద నిలుచు కాలములో సగము మన గుట్టలలోని జంతువులయొద్ద నిలువుడు. పలక చెప్పనిదానిని కావలివానిని అడుగుడు. అతనికి పలకకంటె ఎక్కువ తెలిసియుండును. ప్రతి యావరణము ముందు ఆ ముసలమ్మ ప్రశ్నను మనసులో వేసికొనుడు. ఇల్లు చేరిన తరువాత, మీ వసారాలో పంజరము వ్రేలాడుచున్నచో, అదే ప్రశ్నను అచటను వేయుడు. తలుపు తీయుటకు పదునొకండేండ్లు ఆగవలదు.