సంధిపత్రానికి ముందు, ఆ తర్వాత

హెరాల్డ్ సాండర్స్ అమెరికా విదేశాంగ శాఖలో ఉన్నతోద్యోగి. 1978 నాటి కాంప్ డేవిడ్ చర్చలలో పాల్గొన్నవాడు. పదవి విడిచిన పిమ్మట, పరస్పరం పోరాడే వర్గాలలోని పెద్దమనుషులను ప్రభుత్వ హోదా లేకుండానే కూర్చోబెట్టి మాట్లాడించే పని చేపట్టాడు. 1999లో వెలువడిన ‘ఎ పబ్లిక్ పీస్ ప్రాసెస్’ ఆ అనుభవాల గ్రంథం. అందులో ముస్లిం పాఠకులు శ్రద్ధతో చదవవలసింది తజికిస్తాన్ వృత్తాంతం.

1992లో ఆ దేశంలో అంతర్యుద్ధం చెలరేగింది. ఒకవైపు పాత కమ్యూనిస్టు పాలకవర్గం, మరొకవైపు ఇస్లామీయ పునరుజ్జీవన పార్టీ, దానితో చేయి కలిపిన ప్రజాస్వామ్యవాదులు. కులాబ్, గర్మ్ ప్రాంతాల వైరం అగ్నికి ఆజ్యమైంది. మృతులు 20 వేలని కొందరు, లక్ష అని కొందరు అంచనా వేశారు. 1993 మార్చిలో డార్ట్‌మత్ సదస్సు తరఫున అమెరికన్, రష్యన్ పండితులు ఇరుపక్షాల వారిని మాస్కోలో సమావేశపరిచారు. ఐక్యరాజ్య సమితి అధికార చర్చలు మొదలైంది మరుసటి ఏడు ఏప్రిల్‌లో. ఈ సమావేశాలలో కూర్చున్నవారిలో కొందరు ఆ చర్చలలోనూ ప్రతినిధులయ్యారు.

సాండర్స్ పద్ధతికి ఐదు దశలు. వాటిలో మేలైనది రెండవది: తమ తగవు ఏమిటో, దానికి ఏ పేరు పెట్టాలో ఇరుపక్షాలే కలసి తేల్చుకోవడం. ఇక్కడ నిపుణుడు తీర్పరి కాడు, వినేవాడు. బయటి దేశాల బీరువాలలో పడి ఉండే పరిశోధన నివేదికల కంటె ఇది ఎంతో మేలు.

1997 జూన్ 27న మాస్కోలో కుదిరిన ఒప్పందం పేరులో ‘సుల్హ్’ ఉంది, ‘రిజాయత్’ ఉంది. మన కోర్టులలో వినిపించే ‘రాజీ’ ఆ రెండవ మాటకు తోబుట్టువే. రెంటికీ మూలం ఒకే అరబ్బీ ధాతువు. అర్థం లొంగుబాటు కాదు, మనసా సమ్మతించడం. సాండర్స్ వెదికినదీ అదే.

అయితే సూరా అల్ హుజురాత్ 9వ ఆయత్ సుల్హ్ చేయమనడంతో ఆగలేదు. హద్దు మీరిన పక్షాన్ని నిలువరించమంది, న్యాయంతో సంధి చేయమంది. సాండర్స్ మానవ సంబంధాలు మారడం మీద ఉంచినంత భారం ఈ రెండవ సగం మీద ఉంచలేదు. ఒప్పందం ప్రతిపక్షానికి పాలనా పదవులలో 30 శాతం వాటా ఇచ్చింది. 1999లో రాజ్యాంగ సవరణతో మతప్రాతిపదిక గల పార్టీలకు చోటు దొరికింది. 2000లో సయోధ్య కమిషన్ ముగిసింది, సమితి పరిశీలకులు వెళ్ళిపోయారు. ఆ తర్వాత కూడా సంభాషణ సమావేశాలు జరిగాయి గాని, మాట తప్పినవాడిని అడిగే హక్కు వాటికి ఎన్నడూ లేదు.

2015 సెప్టెంబరులో తజిక్ సుప్రీంకోర్టు ఆ పార్టీనే ఉగ్రవాద సంస్థగా ప్రకటించింది. మరుసటి ఏడు ప్రజాభిప్రాయ సేకరణ మతపార్టీలను నిషేధించింది. పార్టీ నాయకులలో ఇద్దరికి యావజ్జీవ శిక్ష పడింది.

1999 నాటి గ్రంథాన్ని 2015తో తూచడం అన్యాయమని అనవచ్చు. కాని సంధిపత్రంతో పని ముగియదని వాదించినవాడు సాండర్సే. ఆయన ఐదవ దశ, అంటే కలసి పనిచేయడం, ఒక పక్షం చెరసాలలో ఉన్నప్పుడు ఎక్కడ మొదలు కావాలి? ఆ ప్రశ్నకు ఈ గ్రంథంలో అధ్యాయం లేదు.