మెత్తని చెక్కకు మొద్దు కత్తి

మొన్న సంక్రాంతికి బొమ్మల కొలువు పెడుతుంటే అమ్మ పుట్టింటినుంచి తెచ్చుకున్న కొండపల్లి అంబారీ ఏనుగు తొండం ఊడి చేతికొచ్చింది. లోపలంతా పురుగు తినేసింది. కొత్త తొండం నేనే చెక్కుతానన్నాను. పొనికి చెక్కేగా, ఉత్త బెండు, ఎంతసేపు!

కొండపల్లి వెళ్లి ఒక చిన్న ముక్క అడిగి తెచ్చుకుని, కూరగాయల కత్తితో మొదలుపెట్టాను. చెక్క తెగదే! నలుగుతుంది, పీచు లేస్తుంది. అరగంటకు నా చేతిలో మిగిలింది నమిలి ఊసిన చెరకు పిప్పి.

మళ్లీ వెళ్తే అక్కడి పెద్దాయన నా కత్తి అంచు బొటనవేలితో తడిమి, "ఇది వంకాయలకు పనికొస్తుందండీ" అన్నాడు. మెత్తని చెక్కకే ఎక్కువ పదును కావాలట. టేకైనా పొనికైనా కణాల గోడల్లోని పదార్థం దాదాపు ఒకటే. దాని సాంద్రత నీటికి సుమారు ఒకటిన్నర రెట్లు. చెక్క నీటిమీద తేలుతోందంటే అది లోపలి గాలి చలవే. పొనికిలో గోడలు పలచన, గాలి ఎక్కువ. మొద్దు కత్తి ఆ గోడల్ని కోయదు, కూల్చేస్తుంది.

ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర లేతుమీద గిర్రున తిరుగుతూ లక్క పూయించుకుంటుంది. పొనికి పని వేరు. సన్నని సెగమీద తేమ పోగొట్టి, కాళ్లు, తొండం, అంబారీ విడివిడిగా చేత్తో చెక్కి, మక్కుతో అతికి, ఆకురాయితో నునుపు చేసి, సుద్ద పూసి రంగులేస్తారు. మక్కంటే చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. ఆయన చెక్కిన సేపటికంటే కత్తి రాతిమీద నూరిన సేపే ఎక్కువనిపించింది నాకు.

నేను పాడుచేసిన ముక్క పారేయబోతే ఆపాడు. కొండలమీద పొనికి తగ్గిపోయింది, చెక్కకోసం ఎదురుచూడాల్సి వస్తోందన్నాడు. "పొట్టు కూడా పారబోయం."

ఈసారి కత్తి బాగా నూరాను. తొండం వచ్చింది, కాస్త వంకరగానే. మొదటిరోజు పిప్పిని ఎండబెట్టి, దంచి, మక్కులో కలిపాను. ఇప్పుడు ఆ ఏనుగు తొండాన్ని పట్టుకుని ఉన్నది అదే.