పసుపు రంగు అంకె

ఏప్రిల్‌లో రోడ్ల మీది ఉప్పంతా నాలుగు వానలకు కొట్టుకుపోయాక, మా షెడ్డులో 1967 పాంటియాక్ జీటీవో నిద్ర లేస్తుంది. ఇక్కడ మిషిగన్‌లో చలికాలమంతా మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. పాత కారు రేకులకు ఆ ఉప్పు విషం. అందుకే నవంబరులోనే ట్యాంకు నిండా పెట్రోలు పోసి, బ్యాటరీ విప్పి, ఎలుకలు దూరకుండా పొగగొట్టాల మూతులకు గుడ్డలు కుక్కి పడుకోబెడతాను. అయిదు నెలల తర్వాత యాక్సిలరేటర్‌ను రెండుసార్లు తొక్కి తాళం తిప్పితే ముందు దగ్గుతుంది. కాసేపు గొంతు సవరించుకుంటుంది. ఆ తర్వాత మొదలవుతుంది అసలు మోత.

ఆ మోతకొక లెక్కుంది. ఇంజన్‌లో ఎనిమిది సిలిండర్లు, ఎడమవైపు నాలుగు, కుడివైపు నాలుగు. బేసి అంకెలవి ఎడమ, సరి అంకెలవి కుడి. అవి మండే వరస 1-8-4-3-6-5-7-2. వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి: ఎడమ, కుడి, కుడి, ఎడమ, కుడి, ఎడమ, ఎడమ, కుడి. ఇంజన్ మొత్తంగా సమంగానే తిరుగుతుంది. కానీ ఒక్క ఎడమ గొట్టం దగ్గరే చెవి పెడితే దెబ్బకూ దెబ్బకూ మధ్య దూరం మూడు, రెండు, ఒకటి, రెండు. తకిట తక త తక. కుడి గొట్టంలో అదే తాళం ఇంకో చోట ఎత్తుకుంటుంది. అమెరికన్ వీ8 నిలబడి ఉన్నప్పుడు చేసే ఆ గుడగుడ ఎక్కడిదని నేను చాలాకాలం ఆలోచించాను. అర్థమైన రోజున, పక్కన మృదంగం తెలిసినవాళ్లెవరైనా ఉంటే బాగుండుననిపించింది.

ఈ జీటీవో లాంటి మజిల్ కారు అంటే సంపన్నుల రేసుకారు కాదు. మధ్య తరహా కుటుంబం కారులో, పెద్ద కారుకు పెట్టే ఇంజన్ బిగించి, కుర్రాడి జీతానికి అందే ధరలో అమ్మిన బండి. దాని పుట్టుక కూడా ఒక నిబంధనను దాటిన కథే. 1963లో జనరల్ మోటార్స్ తన విభాగాలు రేసుల జోలికి వెళ్లకూడదని ఆదేశించింది. మధ్య తరహా కార్లలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజన్ పెట్టకూడదన్న పరిమితి కూడా ఉండేది. పాంటియాక్ విభాగంలో చీఫ్ ఇంజనీరు జాన్ డెలోరియన్, ఆయన బృందం ఒక సందు కనిపెట్టారు. కొత్త మోడల్ అంటే పైవాళ్ల అనుమతి కావాలి, ఉన్న మోడల్‌కు ఆప్షన్ అంటే అక్కర్లేదు. అలా 1964లో టెంపెస్ట్ లెమాన్స్ కారుకు జీటీవో అనే ఆప్షన్ వచ్చింది. 300 డాలర్ల లోపు అదనంగా కడితే 389 ఘనపు అంగుళాల ఇంజన్, అంటే 6.4 లీటర్లు, 325 హార్స్‌పవర్. మన పాత అంబాసిడర్ ఇంజన్ ఒకటిన్నర లీటరన్నది గుర్తు తెచ్చుకుంటే ఆ పరిమాణం అందుతుంది. అయిదు వేలు అమ్ముడైతే గొప్పే అనుకున్నారు. మొదటి ఏడాదే 32,450 పోయాయి.

తర్వాత అందరూ దిగారు. ప్లిమత్ రోడ్ రన్నర్, డాడ్జ్ చార్జర్, షెవర్లే షెవెల్, క్రైస్లర్ వాళ్ల 426 హెమీ ఇంజన్. 1970 షెవెల్‌లో 454 ఇంజన్ 450 హార్స్‌పవర్‌కు చేరింది. అదే శిఖరం. కుర్రాళ్లకు ఇన్సూరెన్సు మోయలేనంత అయింది, 1970లో గాలి కాలుష్యం చట్టం వచ్చింది, 1971లో జనరల్ మోటార్స్ ఇంజన్ల కంప్రెషన్ తగ్గించింది, 1973 అక్టోబరులో అరబ్ దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. పదేళ్లు కూడా నిండని కథ.

ఇప్పుడు ఈ కార్లను పోగుచేయడమంటే డబ్బున్నవాళ్ల వేలంపాటలే చాలామందికి గుర్తొస్తాయి. 1968 ‘బులిట్’ సినిమాలో స్టీవ్ మెక్వీన్ నడిపిన మస్టాంగ్ 2020లో 30 లక్షల డాలర్లు దాటింది. అది వార్త. నాకు మాత్రం ఈ పనిలో రుచి చదవడంలో ఉంది.

నా కారు నంబరు 242177పి అని మొదలవుతుంది. 2 అంటే పాంటియాక్. 42 అంటే జీటీవో. 17 అంటే పక్క అద్దాల మధ్య నిలువు కమ్మీ లేని హార్డ్‌టాప్. 7 అంటే 1967. చివరి పి అక్షరం పాంటియాక్ పేరున్న ఊరిదే, అక్కడి ఫ్యాక్టరీది. మా ఇంటికి అరగంట దూరం. ఇంజన్ వెనక, పోతపోసిన రోజు ఉబ్బెత్తుగా ఉంటుంది: నెలకు ఒక అక్షరం, తర్వాత తేదీ, చివర సంవత్సరం అంకె. సి 14 7 అంటే 1967 మార్చి 14. కారు తయారైన తేదీకి కొంచెం ముందు ఇంజన్ పుట్టి ఉండాలి. తర్వాత పుట్టిందంటే అది ఆ కారుతో వచ్చిన ఇంజన్ కాదు. 1968 నుంచి కారు నంబరులోని చివరి అంకెలను ఇంజన్ మీదా గేరుబాక్సు మీదా కొట్టడం మొదలైంది, పోల్చడం సులువైంది. అంతకుముందువాటికి తేదీలూ అక్షరాలూ కలిపి చదువుకోవాల్సిందే.

ఈ చదువు రాక ముందు ఒకసారి మోసపోబోయాను. ఎర్రటి 1965 జీటీవో, మెరుపు చూస్తే కళ్లు చెదిరాయి. బయానా ఇవ్వడమే తరువాయి. 1964, 65 జీటీవోలు కేవలం ఆప్షన్లు కాబట్టి కారు నంబరులో ఆ సంగతి ఉండదు. అదృష్టం కొద్దీ పాంటియాక్ పాత బిల్లులు మైక్రోఫిల్మ్ మీద మిగిలాయి. పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్‌కు రాస్తే మన కారు బిల్లు నకలు పంపుతారు. వచ్చిన కాగితంలో జీటీవో మాటే లేదు. మామూలు లెమాన్స్‌కు ఎవరో వేషం కట్టారు. అప్పటినుంచి జేబులో చిన్న అయస్కాంతం కూడా పెట్టుకుంటున్నాను. చక్రాల పైన రేకుకు అంటుకుంటే ఇనుము, జారిపోతే లోపల పుట్టీ.

ఇక నడపడం, నిలబెట్టడం. ఈ ఇంజన్‌లో కంప్యూటరు లేదు కాబట్టి ఏ జబ్బైనా చెవికీ ముక్కుకూ తెలియాలి. విజయవాడ ఆటోనగర్‌లో మా మేనమామ అంబాసిడర్లు బాగుచేసేవాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, “ఒరేయ్, విను, రెండోది ఏడుస్తోంది” అనేవాడు. ఇగ్నిషన్ పాయింట్ల మధ్య సందు పెట్టడం నాకు నేర్పింది ఆయనే. గేజీ లేకపోతే ఇక్కడివాళ్లు అగ్గిపుల్లల అట్ట మడిచి ఆ సందు కొలిచేవాళ్లని తర్వాత తెలిసింది. ప్రపంచానికి ఆ చివరా ఈ చివరా ఉన్న మెకానిక్కులు ఒకే పనికి ఒకే తీరున కూర్చునేవాళ్లన్నమాట. కార్బురేటర్‌లో ముందు రెండు సన్నటి నోళ్లు, వెనక రెండు పెద్దవి. ఊళ్లో ముందువాటితోనే నడుస్తుంది. పెడల్ పూర్తిగా తొక్కితే వెనకవి తెరుచుకుని, మనిషి లోతుగా ఊపిరి పీల్చినట్టు శబ్దం. సీటు వీపును నెడుతుంది. బ్రేకులు మాత్రం నాలుగూ డ్రమ్ములే, వరసగా నాలుగుసార్లు గట్టిగా తొక్కితే వేడెక్కి నీరసపడతాయి. ముందు కారుకు చాలా దూరం ఉంచి నడపాలి.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇంజన్ వెనకాల రేకు గురించి. బానెట్ ఎత్తితే అక్కడ పసుపు క్రేయాన్‌తో రాసిన 38 అని అంకె ఉంది. ఫ్యాక్టరీలో కదిలే వరస పక్కన నిలబడ్డ ఒక కార్మికుడు ముందున్న తోటివాడికి ఏదో గుర్తుగా గబగబా గీసింది. మూడు సగం విరిగినట్టుంటుంది, ఎనిమిది కిందికి జారింది. ఇలాంటివే ఇంకా దొరుకుతాయి. సీటు స్ప్రింగుల్లో ఇరుక్కున్న తయారీ కాగితం, పెట్రోలు ట్యాంకు పైన మడిచి పెట్టిన చీటీ, అడుగున కారిపోయిన రంగు చుక్క. కారును చట్రానికి బిగించి, సీకు మీద కోడిలా తిప్పుతూ రేకు రేకూ కొత్తది చేసే పద్ధతి ఒకటుంది. నిపుణులు ఆ గీతలను ముందే ఫొటో తీసి, చెరిపి, రంగు వేసి, మళ్లీ అలాగే గీస్తారు. కారిన రంగును కూడా కారినట్టే వేస్తారు. తుప్పు తినేసిన కారుకు అంతకన్నా దారి లేదు, ఆ పనితనానికి దండం పెడతాను. కానీ రేకు బాగున్న కారుకు ఆ పని చేయడం నాకు నచ్చదు. ఫ్యాక్టరీ చేతిరాత ఆ కారుకు ఒక్కసారే పడుతుంది. 2010లో పాంటియాక్ పేరుతో కార్లు రావడం కూడా ఆగిపోయింది.

ఆగస్టు మూడో శనివారం డెట్రాయిట్ శివార్లలో వుడ్‌వర్డ్ ఎవెన్యూ మీద, అరవైలలో కుర్రాళ్లు సిగ్నల్‌కూ సిగ్నల్‌కూ మధ్య పందేలు వేసిన అదే రోడ్డు మీద, 1995 నుంచి ఈ పాత కార్ల తిరునాళ్లు. ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్‌లో కార్ల కంపెనీల్లో పనిచేసే మనవాళ్లు పిల్లల్ని తీసుకొస్తారు. బానెట్ ఎత్తి పెడతాను. పిల్లలు ముందు ఆ అంకెనే చూపిస్తారు, ఇదెవరు గీశారంకుల్ అని. ఈ చుట్టుపక్కలే ఎవరో, అంటాను.

సాయంత్రం ఇంటికి తెచ్చాక దుమ్ము తుడుస్తాను. గుడ్డ ఆ అంకె దాకా వచ్చి, దాని చుట్టూ తిరిగి, అవతలి వైపునుంచి మళ్లీ మొదలవుతుంది.