సొంత ఖర్చుతో అచ్చైన పుస్తకము

మా కనగానపల్లి ప్రాంతమందు ఒక సహోదరుడు వేరుసెనగ పంట అమ్మిన సొమ్ముతో తన పాటల పుస్తకమును తానే అచ్చు వేయించెను. ఈ మెట్టనేలలో ఆ సొమ్ము ఎంత కష్టార్జితమో చదువరులెరుగుదురు. పాటలలోని భక్తి నిజమైనది. కరవును గూర్చిన రెండు పాటలు హృదయమును తాకును. అయితే అచ్చుతప్పులు మిక్కుటము. పెక్కు చరణములు రాగమునకు ఒదుగవు. అమ్ముడుపోని ప్రతులు అటకపై కట్టలుగా నున్నవి.

తన గ్రంథమును తానే ప్రచురించుట తప్పు కాదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధని పత్రికను స్థాపించి, రాజమహేంద్రవరములో సొంత ముద్రాలయమును నడపిరి. అయినను వారి రాజశేఖర చరిత్రము 1878లో ఆ పత్రికయందు భాగములుగా వెలువడి, చదువరుల యెదుట నిలిచిన పిమ్మటనే 1880లో పుస్తకమాయెను.

అచ్చువేయువాడు సొమ్ము పుచ్చుకొని, ఇచ్చినదానిని ఇచ్చినట్లే వేయును. "ఇది బాగులేదు" అని చెప్పువాడు వేరొకడు కావలెను. కావున ప్రియులారా, మీ పాటను మొదట సంఘములో పాడించుడి. జనులు తడబడుచోట దిద్దుడి. నేడు ఏబది ప్రతులైనను అచ్చు వేయించుకొనవచ్చును గనుక కొద్దిగానే ఆరంభించుడి.

ఆ సహోదరుడు వ్రాతప్రతి తెచ్చిననాడు నేను నాలుగు పుటలు తిరగవేసి మెచ్చుకొని పంపితిని. అటకమీది కట్టలలో నాకును పాలున్నది.