మోచేతి కొలత

కైకలూరు వైపు చేపల రైతు పొద్దున్నే గట్టు దిగి నీళ్లలో చెయ్యి ముంచుతాడు. మోచేయి మునగకముందే అరచేయి మాయమైతే నీరు మరీ పచ్చబడింది, ఎరువు ఆపాలి. మునిగినా స్పష్టంగా కనబడితే పేడ పడాలి. ఎంత సొగసైన కొలత! నీటికి ఆ పచ్చదనం ఇచ్చేవి కంటికి ఆనని ప్లవకాలు. ఎండను మొదట పట్టేది అవే. వాటిని జంతు ప్లవకాలు, వీటిని పైనీటి బొచ్చె చేపలు తింటాయి. నడుమ శీలావతి, అడుగున కుళ్లినది ఏరుకునే ఎర్రమోసు.

ఈ తిండి గొలుసులో మెట్టు మెట్టుకూ శక్తిలో చాలావరకు ఊపిరికీ కదలికకే ఖర్చయిపోతుంది. సుమారు పదోవంతే పైకి చేరుతుంది. 1942లో జీవావరణ శాస్త్రజ్ఞుడు లిండెమన్ సరస్సుల్లో లెక్కగట్టింది ఈ తరుగునే. అందుకే రైతు కింది మెట్ల చేపలనే పెంచుతాడు. చేపల్ని తినే కొర్రమీను దూరకుండా నీళ్లొచ్చే తూముకు సన్నకన్ను వల బిగిస్తాడు.