'షుహ్' అంటే పిసినారితనమేనా?

సూరా హష్ర్‌లోని 9వ ఆయత్, సూరా తగాబున్‌లోని 16వ ఆయత్ ఒకే మాటతో ముగుస్తాయి. మనసులోని 'షుహ్' నుండి రక్షణ పొందినవారికే సాఫల్యం అని వాటి భావం. సాఫల్యాన్ని ఇంతగా ఒక పదంతో ముడిపెట్టిన చోట, ఆ పదాన్ని తెలుగులో చెప్పేటప్పుడు మనం తొందరపడుతున్నాం. ఉపన్యాసాల్లో తరచుగా వినిపించే అర్థం 'పిసినారితనం'. కాని పిసినారితనానికి అరబ్బీలో 'బుఖ్ల్' అనే మాట వేరే ఉంది. ఖుర్ఆన్ దానినీ వాడింది.

హిజ్రీ 395లో మరణించిన నిఘంటుకారుడు ఇబ్ను ఫారిస్ ఈ ధాతువుకు మూలార్థం అడ్డగించడమనీ, తరువాత అది అత్యాశతో కూడిన అడ్డగింత అయిందనీ అంటాడు. అరబ్బుల వాడుక చూడండి. ఎంత రాపాడించినా నిప్పు రాని కొయ్యకు ఈ ధాతువునుండే పేరు పెట్టారు. కుండపోత కురిస్తేగాని నీరు పారనివ్వని నేలకూ అదే పేరు. కొయ్య ఇవ్వదు, అంతే. నేల మాత్రం వచ్చినదంతా తాగి, ఆపైన ఇవ్వదు. షుహ్‌కు ఈ నేలే సరైన పోలిక అని నాకు తోస్తుంది. ఒకే వస్తువు తనకే దక్కాలని, ఎదుటివాడికి పోరాదని ఇద్దరు పెనుగులాడితే దానికి 'తషాహ్హ' అన్నారు. రాగిబ్ ఇస్ఫహానీ కూడా దీనిని అలవాటుగా మారిన బుఖ్ల్, హిర్స్‌ల కలయికగానే వివరించాడు.

సూరా అహ్‌జాబ్ 19వ ఆయత్‌లో ఈ రెండు ముఖాలూ కనిపిస్తాయి. కందక యుద్ధం (క్రీ.శ. 627) నాటి కపటులు ముస్లిములకు తోడ్పడే విషయంలో షుహ్ చూపారు, భయం తొలగగానే లాభం మీద షుహ్ చూపారు. రెండవ చోట 'పిసినారితనం' అని పెడితే వాక్యమే నిలవదు.

సూరా హష్ర్ సందర్భమూ అంతే. బనూ నజీర్ విడిచిపోయిన సంపద ముఖ్యంగా ముహాజిర్లకు అందినప్పుడు అంసార్ మనసులు కలత చెందలేదు. అక్కడి ప్రశంస చేతితో ఇచ్చినందుకే కాదు, ఎదుటివారికి దక్కినదానిపై ఆశ పడనందుకు కూడా.

తబరీ తఫ్సీర్‌లో ఒక ఉల్లేఖనం ఉంది. తన చేతినుండి ఏదీ జారదని, ఈ ఆయత్ తనను ఉద్దేశించినదేమోనని భయపడుతూ ఒకతను హజ్రత్ ఇబ్ను మస్‌ఊద్ (రజి) వద్దకు వచ్చాడు. అది బుఖ్ల్, అదీ చెడ్డదే. ఆయత్‌లోని షుహ్ మాత్రం సోదరుని సొమ్మును అన్యాయంగా తినడమని ఆయన తేల్చారు. ఇక మన 'పిసినారితనం' ఎవరిని వదిలిపెడుతున్నదో గమనించండి! తమ్ముడి వాటా కలుపుకొని, ఊరంతటికీ విందు పెట్టేవాడు పిసినారి కాడు. కాబట్టి ఆయత్ వింటూ అతడు నిశ్చింతగా కూర్చుంటాడు.

మరి తెలుగులో ఏమనాలి? 'పేరాస'లోని 'పేర్' పేరోలగంలోనిదే, పెద్దది అని అర్థం. అది కోరికను చెబుతుంది, బిగింపును చెప్పదు. 'లోభం' నయం. సంస్కృతంలో దాని ధాతువుకు కోరడమని అర్థం. తెలుగులో లోభి అంటే ఖర్చుపెట్టనివాడు. రెండు వైపులూ అందులో ఉన్నాయి.

సూరా నిసా 128వ ఆయత్‌లో మాత్రం ఇదీ చాలదు. అక్కడ ప్రసంగం భార్యాభర్తల రాజీ గురించి. ఎవరి హక్కును వారు బిగబట్టుకోవడం గురించి. అక్కడ 'షుహ్'నే ఉంచి, పక్కన ఒక వాక్యంలో వివరించడం మేలు. నమాజ్‌ను, జకాత్‌ను అలాగే ఉంచుకున్నాం కదా.